గట్టు వాలు మీద నాలుగో తొక్కు

జూలై నెల రెండో మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై రెండు నిమిషాలు. కారులో గడియారం తొమ్మిదీ ఇరవై అయిదు చూపించింది కానీ అది మూడు నిమిషాలు ముందు నడుస్తుంది. నా కారు బ్రేకు పడనిది అప్పుడు.

మా ఊరు ఆత్రేయపురానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు పక్కన పల్లంలో ఉంది. గట్టు మీద రోడ్డు నుంచి మా ఇంటి గేటు దాకా నూట నలభై రెండు మీటర్ల వాలు. టేపు పెట్టి కొలిచాను. మా డెల్టాలో నేలంతా పళ్ళెంలా చదునుగా ఉంటుంది, ఉన్న ఎత్తుపల్లాలన్నీ కాలువ గట్లే. అందుకని గట్టు దిగేటప్పుడు ఇంజను ఆపేసి బండిని జారనివ్వడం స్కూటర్ల కాలం నుంచీ మా వైపు అందరికీ అలవాటు. పైన ఆపితే సరిగ్గా ఇంటి ముందుకొచ్చి ఆగుతుంది. ఊరికే వచ్చే దూరాన్ని ఎవరు వదులుకుంటారు? స్టీరింగు బిగుసుకోకుండా తాళాన్ని ఒక మెట్టు ముందుకు తిప్పి ఉంచి నేనూ అలాగే దిగేదాన్ని. నా కారు లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు ఇచ్చేది. ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని.

నేను హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డ్రైవింగు నేర్చుకున్నది ఆ తర్వాతే, యాభై ఎనిమిదో ఏట. లైసెన్సు పరీక్ష మొదటిసారే ప్యాసయ్యాను. ఈ తొమ్మిదేళ్ళలో అరవై ఒక్క వేల రెండు వందల నలభై కిలోమీటర్లు నడిపాను. ప్రతి ప్రయాణానికీ తేదీ, వేళ, దూరం, బండిలో ఎవరున్నారు, దారిలో ఏం జరిగింది అని కారులోనే ఒక నోటుబుక్కులో రాస్తాను. మావారికి చూపు బాగా తగ్గింది. నెలకోసారి రాజమండ్రిలో కంటికి ఇంజెక్షను వేయించాలి. మా ఊళ్ళోకి బస్సు రాదు. కారు మా ఇద్దరికీ కాళ్ళు. ఆ మాటకొస్తే, నడపడం నాకు మహా సరదా కూడా.

ఆ మంగళవారం ఆత్రేయపురంలో కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. మావారి ఒళ్ళో బెండకాయల సంచీ. గట్టు మలుపులో అలవాటు ప్రకారం ఇంజను ఆపాను. వాలులో మూడో వంతు దిగామో లేదో, పక్క పొలంలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. బ్రేకు తొక్కి వదిలాను. బండి నెమ్మదించింది. బాతులు అటూ ఇటూ చూసి మళ్ళీ మధ్యకే వచ్చాయి. మళ్ళీ తొక్కి వదిలాను. మూడోసారి తొక్కినప్పుడు కొంచెం బిగువుగా అనిపించింది. నాలుగోసారి పెడలు రాయైపోయింది. నా బరువంతా వేసి తొక్కినా కదల్లేదు.

"బ్రేకు వెయ్యవోయ్!" అన్నారు మావారు.

"వేస్తూనే ఉన్నానండీ!"

"మరి పడదేం?"

"దాన్నడగండి!"

మా మధ్య హ్యాండు బ్రేకు ఒకటుందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. బాతులు వాటంతట అవే చీలి దారిచ్చాయి. కారు మా గేటు దాటిపోయి, పక్కింటి పూతరేకుల పాక ముందున్న ఎండు కొబ్బరాకుల మోపులో ముక్కు దూర్చి ఆగింది. వేగం ఇరవైకి మించి లేదు. మాకు దెబ్బ తగల్లేదు. కానీ ఆ మోపు వెనకాల పలక మీద మూడు కుండలు బోర్లించి ఉన్నాయి. మోపు జరిగి పలకకి తగిలింది. మూడూ పోయాయి.

పక్కింటావిడ నాకంటే పదిహేడేళ్ళు చిన్న. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పైన పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను ఒక్క లాగు లాగి రేకు తీస్తుంది. ఆ చేతికి ఈ చుట్టుపక్కల పేరుంది. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని బయటికొచ్చి, మొదట నన్నూ, తర్వాత కారునూ, ఆఖర్న కుండలనూ చూసింది.

"ఏంటండీ పంతులమ్మ గారూ, రేకులు కావాలంటే కబురు పెడితే ఇంటికే తెచ్చిద్దును గదా. కారేసుకుని లోపలికే వచ్చేయాలా?"

"బ్రేకు పడలేదమ్మాయ్."

"దెబ్బలేం తగల్లేదు గదా? పోనీలెండి. ముందు దిగి మంచినీళ్ళు తాగండి. కుండల సంగతి తర్వాత ఏడుద్దాం."

తర్వాత నిజంగానే ఏడ్చినంత పని చేసింది. కుండ కొనడం కష్టం కాదట. కొత్త కుండ మీద రేకు చిరక్కుండా లేవాలంటే రోజూ నూనె గుడ్డతో తుడుస్తూ, కాలుస్తూ ఇరవై రోజులు దాన్ని బుజ్జగించాలి. పోయిన వాటిలో ఒకటి వాళ్ళ అత్తగారి చేతి కింద నల్లబడినది.

ఈలోగా బాతులాయన మందను లెక్కపెట్టుకున్నాడు. నేనూ లెక్కపెట్టాను. ఇద్దరికీ నూట ముప్ఫై ఆరే వచ్చాయి.

మా కాలువ లాకుల దగ్గర మెకానిక్కు వచ్చి, బండి స్టార్టు చేసి, నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి చూశాడు. "వెన్నలా ఉందండీ టీచరు గారూ" అన్నాడు. అయినా అనుమానం ఉంచుకోకుండా కంపెనీ సర్వీసు సెంటరులో చూపించమని తనే రాజమండ్రికి నడిపాడు. నేను పక్కన కూచున్నాను. అక్కడ మెడకి టై కట్టుకున్న అబ్బాయి రెండు గంటల తర్వాత కాగితం తెచ్చాడు.

"బ్రేకులు పర్ఫెక్టుగా ఉన్నాయి మేడమ్. ప్యాడ్లు, ఆయిలు, అన్నీ ఓకే. కంప్యూటర్లో కూడా ఏమీ లేదు."

"మరి ఎందుకు పడలేదు బాబూ?"

అతను గొంతు తగ్గించాడు. "ఒక్కోసారి కంగారులో బ్రేకు అనుకుని ఎక్సలేటరు తొక్కుతారు మేడమ్. అంటే, కొంచెం పెద్దవాళ్ళు."

"ఎంత పెద్దవాళ్ళు?"

"అది... మీరని కాదు మేడమ్."

"ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నన్నే అనుండాలి."

అతను ఎంత వేగంలో వెళ్తున్నారని అడిగాడు, చెప్పాను. ఇంజను నడుస్తోందా అని అడగలేదు, నేను చెప్పలేదు. అది చెప్పవలసిన విషయమని నాకు తోచనేలేదు. గట్టు దిగేటప్పుడు చెప్పులు వేసుకున్నారా అని అడగనట్టే ఇదీ.

ఆ సాయంత్రం పాలకొల్లు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. బ్యాంకులో ఆఫీసరు. నా కూతురు కనక మాట కచ్చితం.

"అమ్మా, ఈ ఆదివారం వస్తున్నా. ఒక మాట అనుకుందాం. తప్పు బండిదైతే బండి మార్చేద్దాం. తప్పు నీదైతే తాళం నాకిచ్చెయ్. బాతులు కాబట్టి సరిపోయింది, అదే పిల్లలైతే?"

సరేనన్నాను. నోటుబుక్కులో తేదీ వేసి ఒప్పందం రాసుకున్నాను. అయిదు రోజుల గడువు.

బుధవారం పొద్దున్నే ఫోనులో కారు యజమానులు తమ బండ్ల కష్టాలు రాసుకునే చోటు ఒకటి వెతికి పట్టాను. బ్రేకుల గురించే ఎన్ని కథలో! నూట పన్నెండు చదివి మూడు గుంపులు చేశాను. పెడలు మెత్తగా నేలదాకా దిగిపోయినవి ఒకటి. పెడలు గట్టిపడి దిగనివి రెండు. కింద పట్టాయో నీళ్ళ సీసాయో అడ్డుపడినవి మూడు. నాది రెండో గుంపు. కానీ ఆ రాసినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. ఒక్కరూ వేళ వెయ్యలేదు. ఎంత వేగంలో ఉన్నారో, ఎన్నిసార్లు తొక్కారో రాయలేదు.

"అందరూ సడన్‌గా అని రాశారండీ. సడన్‌గా అంటే ఎన్ని గంటలకి?" అన్నాను మావారితో.

"ప్రాణం పోతుంటే వాచీ చూసేది నువ్వొక్కదానివే" అన్నారాయన.

నేను నా కథ రాశాను. తేదీ, వేళ, వాలు పొడవు, వేగం, బాతుల సంఖ్యతో సహా. సాయంత్రానికి పదిహేడు జవాబులొచ్చాయి. పద్నాలుగు మంది తప్పు కంపెనీదేననీ, పెద్దావిడ మీదికి నెట్టడం అన్యాయమనీ రాశారు. ఒకాయన నన్ను అమ్మా అన్నాడు. మర్నాడు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఇంజనీరును పంపి మళ్ళీ చూపిస్తాం, కొంచెం ఓపిక పట్టండి అన్నారు. నాకు బలం వచ్చింది. తాళం దక్కినట్టే అనుకున్నాను.

అంతటితో ఊరుకోలేక పాత నోటుబుక్కు తీశాను. గడిచిన ఏడాదిలో మూడుచోట్ల 'పెడలు గట్టి' అని నా చేతిరాతే ఉంది. మూడూ గట్టు వాలు మీదే. పక్కన వివరాలు కూడా ఉన్నాయి. ఒకనాడు మేకలు అడ్డం. ఒకనాడు పాల ఆటో ఎదురు. ఒకనాడు గడ్డి ట్రాక్టరు, తోలేవాడు మూర్ఖుడు. దారి ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక్కసారి కూడా గట్టిపడలేదు. నా బ్రేకుకి మేకలంటే భయమెందుకో ఎంత ఆలోచించినా తేలలేదు.

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి వాకిట్లోనే కారులో కూచుని పరీక్ష మొదలుపెట్టాను. మెకానిక్కు నాలుగైదుసార్లే తొక్కాడు గదా, నేను వందసార్లు తొక్కుదామనుకున్నాను. మావారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పైకి లెక్కపెడుతున్నారు. ఇంజను నడుస్తోంది. ముప్ఫై నాలుగు దాకా పెడలు వెన్నే.

"ఆగాగు. ముప్ఫై నాలుగా, ముప్ఫై అయిదా? ఈ రొదలో నా లెక్క నాకే వినబడ్డం లేదు. ఆ ఇంజను కట్టెయ్. కదిలేది లేదు, పెట్టేది లేదు, పెట్రోలు దండగ."

ఆపాను. ముప్ఫై అయిదు అన్నారు, తొక్కాను. ముప్ఫై ఆరు. మామూలే. ముప్ఫై ఏడు కొంచెం బిగువు. ముప్ఫై ఎనిమిదికి పెడలు రాయి.

కాలు దాని మీదే ఉంచి అలా కూచుండిపోయాను.

"ముప్ఫై తొమ్మిది" అన్నారాయన. "తొక్కవేం?"

ఇంజను మళ్ళీ స్టార్టు చేశాను. నా కాలి కింద పెడలు దానంతట అదే మెల్లగా దిగింది. ఆపాను. ఒకటి, రెండు, మూడు, రాయి. ఇలా ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ నాలుగో తొక్కే.

మెకానిక్కుకి ఫోను చేస్తే పావు నిమిషంలో తేల్చేశాడు. "పెడలు వెనకాల ఓ డబ్బా ఉంటాదండీ. ఇంజను నడిచినంతసేపూ మీ కాలికి అదే సాయం. ఆపేశాక అందులో మిగిలింది రెండు మూడు తొక్కులకే సరిపోద్ది. తర్వాత అంతా మీ కాలి బలమే. స్కూటరుకి ఈ గొడవ లేదు గదండీ. అయినా ఎందుకడుగుతున్నారు? మీరు ఇంజను ఆపి దిగరు గదా?"

"ఊరికే, తెలుసుకుందామని" అన్నాను. తొమ్మిదేళ్ళలో ఆ మెకానిక్కుతో నేనాడిన అబద్ధం అదొక్కటే.

దారి ఖాళీగా ఉన్న రోజుల్లో ఒకటి రెండు తొక్కులతో ఇంటికి చేరేదాన్ని. మేకలొచ్చిన రోజున నాలుగు పడేవి. అంతకు మించి రహస్యం లేదు. తప్పు బండిది కాదు. ఆ టై కట్టుకున్న అబ్బాయి చెప్పినదీ కాదు, ఆగిన ఇంజనుకి ఎక్సలేటరు తొక్కితే ఎంత, తొక్కకపోతే ఎంత? అయినా తప్పు మటుకు నాదే. ఒప్పందం ప్రకారం తాళం మా అమ్మాయిది.

మావారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు. "ఇకమీద ఆపకు. అంతే గదా? ఆదివారం దానికేం చెప్పనక్కర్లేదు. కంపెనీ వాళ్ళు ఇంకా చూస్తామంటున్నారు గదా, చూడనీ. నా ఇంజెక్షను పదహారో తారీఖున ఉంది."

ఆయన మాట నాకు నచ్చింది. నచ్చలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పద్నాలుగు మందిని ఇంకోసారి చదువుకున్నాను కూడా.

శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి నేను వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. పక్కింటావిడకి పాత కారొకటి ఉంది, పూతరేకుల పెట్టెలు నిడదవోలు స్టేషనులో పార్సిలు వేయడానికి. ఆవిడకి డ్రైవింగు నేర్పింది నేనే. గట్టు మీద ఆ కారు చప్పుడు వినిపించింది. మలుపు దాకా వచ్చింది. అక్కడ చప్పుడు ఆగిపోయింది.

నా చేతిలో చెంబు ఎక్కడ పడేశానో తెలియదు. గేటు తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. "ఇంజను వెయ్యి! ఇంజను వెయ్యమ్మాయ్!" అని అరిచాను. ఆమె నన్ను చూసి ఒక తొక్కు తొక్కింది. నేను ఇంకా ముందుకి వెళ్ళాను. రెండో తొక్కు. కారు నాకు అయిదడుగుల దూరంలో ఆగింది.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంటండీ ఈ పరుగులు! మొన్న నా కుండల మీద పడ్డారు, ఇవాళ నా కారు కింద పడదామనా?"

చెప్పేశాను. రోడ్డు మీదే నిలబడి, డబ్బా సంగతి, నాలుగో తొక్కు సంగతి, మేకలు, పాల ఆటో, మొత్తం. నేర్పేటప్పుడు వాలు మీద ఇంజను ఆపమని నేనే చెప్పానని కూడా గుర్తు చేశాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది.

"అంటే ఇన్నాళ్ళూ మనం బ్రేకుల్లేకుండా దిగుతున్నామా పంతులమ్మ గారూ?"

"లేకుండా కాదు. రెండున్నర బ్రేకులతో."

ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మూడు కుండలతో పోయింది. రేపు నా పాకలోకి నేనే దూసుకెళ్తే ఎవర్ని తిట్టుకునేదాన్నండీ?" అంది.

ఆ పూటే కారు యజమానుల చోట రెండో ఉత్తరం రాశాను. తప్పు నాదనీ, బండిలో లోపం లేదనీ, ఇంజను ఆపి ఎవరూ వాలు దిగవద్దనీ, ఆరు పరీక్షల ఫలితంతో సహా. కంపెనీ వాళ్ళకి ఫోను చేసి ఇంజనీరును పంపవద్దన్నాను. ఈసారి ఇరవై మూడు జవాబులు. తొమ్మిది మంది తిట్టారు. నన్ను అమ్మా అన్నాయన ఈసారి ఏమీ అనలేదు. అయిదుగురు మాత్రం, మేమూ ఫ్లైఓవరు దిగేటప్పుడు అలాగే చేస్తున్నాం, ఇక మానేస్తాం అని రాశారు. ఆ అయిదుగురి ఊళ్ళ పేర్లూ నోటుబుక్కులో ఎక్కించాను.

ఆదివారం పదకొండు గంటలకి మా అమ్మాయి తన కారులో వచ్చింది. నేను తాళం తీసి భోజనాల బల్ల మీద పెట్టాను.

"తప్పు నాదే. తీసుకో."

అది కంగారు పడింది. "ఏమైందమ్మా? నిజంగానే ఎక్సలేటరు తొక్కావా?"

"కాదు" అని, వాకిట్లో కారులో దాన్నే కూచోబెట్టి, ఇంజను ఆపించి తొక్కమన్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగోసారికి మా అమ్మాయి ముఖం మారింది. కారు దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూచుంది.

"అమ్మా."

"ఊఁ."

"మా ఇంటి దగ్గర కాలువ వంతెన ఉంది చూడు. నేను కూడా దాని మీంచి ఆపేసే దిగుతాను. నువ్వే గదా నేర్పావ్!"

"నేనే నేర్పాను."

"కిందనే స్కూలుంది."

మావారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఏమంటోంది? తీసుకుందా?" అన్నారు.

"నాన్నా, ఈవిడ తాళం నేను తీసుకుంటే నా తాళం ఎవరు తీసుకోవాలి?"

"రెండూ నాకివ్వండి. నాకు గట్టే కనబడదు, ఇక దిగేదెక్కడ?"

మా అమ్మాయి ముందు నవ్వి, ఆ తర్వాత గట్టిగానే చెప్పింది. తాళం ఇప్పుడే తిరిగి ఇవ్వదట. నేను దాన్ని పక్కన కూచోబెట్టుకుని ఇంజను ఆపకుండా పదిసార్లు గట్టు దిగాలి. కళ్ళు మూసుకుని హ్యాండు బ్రేకు పదిసార్లు లాగి చూపించాలి. నేర్పినదాన్ని నేను, పరీక్ష పెట్టేది అది. పదిసార్లు దిగడానికి మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగూ అయిదు దాకా పట్టింది. తొమ్మిదోసారి దిగుతుంటే పక్కింటావిడ పాకలోంచి కేకేసింది. "కొత్త కుండలు కాలుస్తున్నానండీ! ఇటు రాకండి!" పదోసారి అయ్యాక మా అమ్మాయి తాళం నా చేతిలో పెట్టింది. పెట్టేముందు వంతెన దగ్గర తన ఇంజను ఇక ఆపనని నా నోటుబుక్కులో సంతకం చేసింది. పదహారో తారీఖున మావారిని రాజమండ్రి నేనే తీసుకెళ్ళాను.

పోయినవి. కుండలు మూడు, అందులో అత్తగారి కాలం నాటిది ఒకటి. కొత్తవి దారికి వచ్చేదాకా పక్కింటావిడకి సగం పని, ఇరవై రోజులు. కారు ముందు ఎడమ దీపం అద్దం ఒకటి. బెండకాయలు, లెక్కపెట్టలేదు. రాగి చెంబు ఒకటి, సొట్టపోయింది. బాతులు, ఒక్కటీ పోలేదు. మైలేజీ, లీటరుకు మూడు వందల మీటర్లు.